ఓడినవాడి వేగమూ అంతే



పోయిన ఆదివారం మీటింగులో నేను నోరు తెరవలేదు. తెరిచుంటే గొడవయ్యేది. ఇంటికొచ్చి రెండు రాత్రులు కూర్చొని లెక్కలు వేసుకొని ఇప్పుడు రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది. సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేసి పోయేవాళ్ళు ఇప్పుడే పోవచ్చు. చివరిదాకా చదివి తిట్టేవాళ్ళు ఉండండి, మీతోనే నాకు పని.

మీటింగుకు రానివాళ్ళ కోసం జరిగింది చెప్తా. వార్షికోత్సవంలో ఎవరెవరికి శాలువా కప్పాలో జాబితా చదివారు. టెన్తులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, నర్సింగు ముగించిన అమ్మాయి, సరే. ఆ తర్వాత మన పిలకాయ ఒకడి పేరు వచ్చింది. చదువుకు కాదు. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే మీద అర్ధరాత్రి ఇంకో బండితో పందెం కట్టి పోయిన వీడియో మన గ్రూపులో తిరిగింది కదా, మీటరులో 150 దాటిన వీడియో, దానికి. "మనవాడు కేజీఎఫ్ పేరు నిలబెట్టినాడు" అన్నారు ఒక పెద్దాయన. చప్పట్లు కొట్టారు.

అంతలో ఓడిపోయిన అబ్బాయి నాన్న లేచారు. "మావాడి బండి చిన్నది, అందుకే వెనకబడినాడు. సంఘం సహాయనిధిలో అప్పిస్తే పెద్ద బండి కొనిస్తా, అప్పుడు చూడండి" అన్నారు. మూడో పెద్దాయనకు కోపం వచ్చింది. "అన్ని బండ్లకూ తాళం వేసి తాళంచెవులు బావిలో పారేయండి, ఇదంతా ఇంజన్ల పొగరు" అన్నారు. కేకలు లేచాయి. తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది.

నా మాట ఇది: ముగ్గురూ తప్పే. ముగ్గురి తప్పూ ఒకటే. ముగ్గురూ చివర్లో మీటరు చూపించిన అంకెనే చూస్తున్నారు. ఒకాయన దానికి శాలువా కప్పుతానంటాడు, ఒకాయన దాన్ని పెంచడానికి అప్పడుగుతాడు, ఒకాయన దాన్ని చూసి భయపడతాడు. ఆ అంకెకూ గెలుపుకూ సంబంధం చాలా తక్కువ. ఆ అంకెకు గట్టి సంబంధం ఉన్నది ఆసుపత్రితో.

నేను పందేలు తోలినవాణ్ణి కాదు. రైల్వేలో గుమస్తాగా చేరి గుమస్తాగానే దిగినవాణ్ణి. బడిలో చదివింది తమిళ మీడియం, కాబట్టి నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. లెక్కలో తప్పుంటే మాత్రం మన్నించొద్దు, పట్టుకోండి.

రెండు అంకెల చీటీ

మన పిలకాయలు చేసేదానికి అసలు పేరు డ్రాగ్ రేసు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, ఒక్క దీపం చూసి, నేరుగా పోయి, గీత దాటడం. మలుపు లేదు, ఏమీ లేదు. పాత లెక్క ప్రకారం పందెం దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు.

సరైన ట్రాక్ మీద పందెం అయినాక తోలినవాడి చేతికి ఒక చీటీ ఇస్తారు. మన టికెట్టు మాదిరి. దాని మీద ముఖ్యమైన అంకెలు రెండు. ఒకటి, కదిలినప్పటి నుంచి గీత దాటేదాకా పట్టిన కాలం. రెండోది, గీత దగ్గర బండి వేగం. ఆ వేగాన్ని చివరి 66 అడుగుల్లో కొలుస్తారు. ఈ రెండూ కాక, ఆటలో తలపండినవాళ్ళు అన్నిటికంటే ముందు చూసే అంకె ఇంకొకటి ఉంటుంది: మొదటి 60 అడుగులకు పట్టిన కాలం. 60 అడుగులంటే 18 మీటర్ల పైచిలుకు. మన సంఘం హాలు గుమ్మం నుంచి రోడ్డు దాకా అంతే ఉంటుంది.

నాలుగు వందల మీటర్ల పందెంలో మొదటి పద్దెనిమిది మీటర్లను ఎందుకంత కళ్ళు పెట్టి చూస్తారు? ఆ కాస్త దూరంలో టైరు నేలను పట్టుకుందా, జారిందా అన్నదే పందెం కాబట్టి.

లెక్క వేద్దాం. ఇది కాగితం లెక్క, గాలి అడ్డు కలపలేదు. గాలి కలిపితే ఇద్దరి చివరి వేగమూ ఇంకా తగ్గుతుంది, ఇద్దరి మధ్య తేడా ఇంకా చిన్నదవుతుంది. కాబట్టి నా వాదనకు గాలి అడ్డం రాదు.

రెండు ఒకేరకం బండ్లు అనుకోండి. మనిషితో కలిపి ఒక్కోటి 250 కిలోలు. వెనక చక్రానికి చేరే శక్తి 25 కిలోవాట్లు. మన పిలకాయలు మోజుపడే బండ్లు దాదాపు ఆ తరహావే. టైరు బాగా పట్టుకుంటే సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది, అంటే ప్రతి సెకనుకూ ఇంచుమించు 22 కి.మీ. మీటరు ఎక్కుతుంది. మొదటివాడు ఆ పట్టుతో కదిలాడు. రెండోవాడు యాక్సిలరేటరు గట్టిగా తిప్పేసి, చక్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి, మొదటి 20 మీటర్లలో అందులో సగమే పట్టు సంపాదించాడు. 20 మీటర్లు దాటినాక వాడికీ పూర్తి పట్టు దొరికింది. ఆ తర్వాత ఇద్దరికీ అంతా సమానమే.

మొదటివాడు 402 మీటర్లు దాటడానికి 13.4 సెకన్లు పట్టింది. గీత దగ్గర వేగం 177 కి.మీ.

రెండోవాడికి 15.1 సెకన్లు పట్టింది. గీత దగ్గర వేగం 175 కి.మీ.

చూశారా? వేగంలో తేడా రెండు కిలోమీటర్లు కూడా లేదు. కాలంలో తేడా సెకనున్నర పైన. మొదటివాడు గీత దాటేటప్పటికి రెండోవాడు ఇంకా 75 మీటర్లకు పైగా వెనక ఉన్నాడు. ఇద్దరూ తమ మీటరును ఫోనులో వీడియో తీసి గ్రూపులో పెడితే, ఎవడు గెలిచాడో మీరు చెప్పలేరు. మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా చెప్పలేరు. పైగా చాలా బండ్లలో మీటరు నిజం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఎందుకిలా?

రైలుబండితో చెప్తే మనవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. మారికుప్పం నుంచి పొద్దున బెంగళూరు పోయే బండి పది నిమిషాలు ఆలస్యంగా కదిలిందనుకోండి. వైట్‌ఫీల్డ్ దాటేటప్పుడు దాని వేగం ఏ రోజూ ఉండే వేగమే. గట్టు మీద నిలబడి చూసేవాడికి బండి బ్రహ్మాండంగా పోతున్నట్టే ఉంటుంది. లోపల ఉన్నవాడికి మాత్రం ఆఫీసులో సగం పూట కోత. బండి వేగం చూసి అది టైముకు పోతోందా లేదా అని చెప్పేవాణ్ణి నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు. అది మన మీటింగులోనే చూశాను.

అసలు కారణం ఇది. వేగం అనేది దూరం పొడుగునా కూడబెట్టేది. 402 మీటర్లలో మొదటి 20 మీటర్లంటే వందలో ఐదు పాళ్ళు. అక్కడ సగం తోపుడు పోయినా మిగతా తొంభై ఐదు పాళ్ళ దూరం ఉంది కూడబెట్టుకోవడానికి. అదీకాక ఇంజను శక్తి ఒక్కటే అయినప్పుడు, నిదానంగా పోతున్న బండిని అది ఎక్కువ బలంతో తోస్తుంది, వేగంగా పోతున్నదాన్ని తక్కువ బలంతో తోస్తుంది. కాబట్టి వెనకబడ్డవాడి వేగం మెల్లమెల్లగా ముందువాడి వేగానికి దగ్గరవుతుంది. చివరికి దాదాపు సమానం.

కాలం అలా కాదు. పోయిన కాలం రాదు. గంటకు 10 కి.మీ. వేగంలో ఒక్క మీటరు దాటడానికి సెకనులో మూడో వంతు పైన పడుతుంది. 175 కి.మీ. వేగంలో అదే మీటరుకు సెకనులో యాభయ్యో వంతు చాలు. ఖరీదైన మీటర్లన్నీ మొదట్లోనే ఉన్నాయి. పై లెక్కలో రెండోవాడు మొదటి 20 మీటర్లలో పోగొట్టుకున్నది ఒక్క సెకను. మిగతా అర సెకను, పట్టు దొరికిన తర్వాత పోయింది! ఎందుకంటే తక్కువ వేగంతో మొదలుపెట్టినవాడు అందుకునేదాకా ప్రతి మీటరుకూ కొంచెం ఎక్కువ కాలం కడుతూనే ఉంటాడు. అసలు ఒక సెకను, వడ్డీ అర సెకను. జీతాల రోజు వడ్డీవాడు గేటు దగ్గర నిలబడిన కాలం చూసిన మన గని కుటుంబాలకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

పెద్ద బండి అడిగిన అన్నకు

ఇప్పుడు అప్పు అడిగిన అన్నకు చెప్తున్నా. నీ మీద నాకు కోపం లేదన్నా. కొడుకు తల దించుకోకూడదని నీ ఆశ. కానీ లెక్క చూడు.

మీవాడికి ఒకటిన్నర రెట్లు శక్తి ఉన్న బండి కొనిచ్చామనుకో. 25 కిలోవాట్లు పోయి 37.5 అయింది. మీవాడు కదిలే తీరు మాత్రం మారలేదు, మొదటి 20 మీటర్లలో అదే జారుడు. ఇంజను పెద్దదైతే పట్టు పెరగదు కదా, జారడం ఇంకా సులువవుతుంది. అయినా పాపం, అంతే జారిందనుకుందాం. ఇప్పుడు మీవాడికి పట్టే కాలం 14.1 సెకన్లు. పాత చిన్న బండిలో శుభ్రంగా కదిలిన మొదటివాడికి 13.4. ఒకటిన్నర రెట్లు ఇంజను పెట్టుకొని మీవాడు మళ్ళీ ఓడాడు.

గీత దగ్గర వాడి వేగం మాత్రం 199 కి.మీ.

సంఘం డబ్బుతో మనం కొనిచ్చింది గెలుపు కాదు. గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్ల అదనపు ప్రమాదం. వడ్డీ కట్టి మరీ.

పట్టు అంటే ఏమిటి

బంగారుపేటలో వానపడిన రోజున బరువు గూడ్సు కదలడం చూసినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఇంజనుకు వేల గుర్రాల బలం ఉంటుంది, చక్రం మాత్రం తడి పట్టా మీద ఉన్నచోటే తిరుగుతుంది. డ్రైవరు ఏం చేస్తాడు? బలం పెంచడు, తగ్గిస్తాడు. చక్రం ముందు ఇసక వదులుతాడు. అప్పుడు పట్టు దొరికి బండి కదులుతుంది. గుప్పెడు ఇసక లేకపోతే ఆ వేల గుర్రాలూ దండగ. మన పక్క ఊళ్ళల్లో ఎద్దులబండి తోలిన తాతలకు కూడా తెలుసు ఇది. గిట్ట జారేచోట ఎద్దును కొరడాతో కొట్టకూడదు. కొడితే మోకాళ్ళ మీద పడుతుంది.

టైరు కథ కూడా ఇదే. రబ్బరు నేలను కాస్త జారుతూ పట్టుకున్నప్పుడు గరిష్ఠ పట్టు ఉంటుంది. ఆ హద్దు దాటి చక్రం గిరగిరా తిరిగిందంటే పట్టు పడిపోతుంది. పొగ, చప్పుడు, వీడియోకు మంచి బొమ్మ వస్తాయి, బండి మాత్రం నిలబడిపోతుంది. ఆ పొగ చూసి మనవాళ్ళు ఈల వేస్తారు. పొగ అంటే ఓడిపోతున్న గుర్తు.

మరి పెద్ద పోటీల్లో పందానికి ముందు టైరు తిప్పి పొగ లేపుతారే అంటారు. అది గీత వెనక, పందెం మొదలుకాకముందు, రబ్బరును వేడి చేసి జిగురు తేవడానికి. అక్కడ ట్రాక్ మీద కూడా పట్టుకోసం జిగురు మందు కొట్టి, రబ్బరు పొర పట్టించి ఉంచుతారు. మోటారు సైకిలుకు ఇంకో చిక్కుంది. పట్టు మరీ బాగుంటే ముందు చక్రం లేచిపోతుంది. అందుకే డ్రాగ్ బండ్లను పొడుగ్గా, నేలకు ఆనినట్టు కిందికి చేస్తారు, వెనక కడ్డీలు తగిలిస్తారు. మన పిలకాయలు సీటు తోక పైకెత్తి, సైలెన్సరు కోసి, రంగు స్టిక్కరు వేస్తారు. ఈ మూడింటిలో ఒక్కటీ బండిని ఒక్క అడుగు ముందు కదిలించదు.

అన్నిటికంటే పెద్ద మాట. మన నేల. మారికుప్పం నుంచి కోరమండల్ దాకా సైనైడ్ దిబ్బల పక్కన కాపురం చేసేవాళ్ళం. గాలి లేచిన నెలల్లో ఆ మెత్తటి దుమ్ము మన ఇంటి గిన్నెల్లోకే వస్తుంది, రోడ్డు మీదికి రాదా? గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది, దుమ్ము ఇంకా మూతపడలేదు. రైలు పట్టా మీద ఇసక పట్టు ఇస్తుంది. తారు మీద అదే ఇసక రబ్బరు కింద గోలీల మాదిరి పొర్లుతుంది. ఈ నేల మీద మొదటి 20 మీటర్లలో ఎవడు గెలిచాడన్నది వాడి నైపుణ్యం కాదు, వాడి చక్రం కింద ఆ రాత్రి దుమ్ము ఎంత ఉందన్నది. లాటరీ టికెట్టుకు శాలువా కప్పుతామా?

గెలుపు మొదట్లో, చావు చివర్లో

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నా.

పందెం తీర్పు మొదటి 20 మీటర్లలో దాదాపు ముగిసింది. అక్కడ మంచిగా కదిలినవాడి వేగం 56 కి.మీ., జారినవాడి వేగం 39. ఇద్దరూ ఆ క్షణంలో బ్రేకు కొట్టి బండి దిగి చేతులు కలుపుకుంటే, ఎవడు మేలో తేలిపోయింది. పడినా, 175 వేగంలో పడినంత ప్రమాదం ఉండదు.

కానీ ఆగరు. ఇంకా 380 మీటర్లు పోతారు. ఆ 380 మీటర్లలో తీర్పు మారదు. మారేది ఒక్కటే, వేగం. ఎవడు ఓడాలో తేలిపోయిన తర్వాత కూడా ఓడినవాడు పూర్తి వేగం ఎక్కుతాడు. గీత దగ్గరికి వాడూ 175 తోనే వస్తాడు. గెలిచినవాడికీ ఓడినవాడికీ సమానంగా దక్కేది ఆ వేగం ఒక్కటే.

175 కి.మీ. అంటే సెకనుకు 48 మీటర్ల పైన. ఎదురుగా ఏదో కనపడి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను వేసుకోండి, 48 మీటర్లు అయిపోయాయి. మంచి టైరు, పొడి రోడ్డు, భయపడని చెయ్యి, అన్నీ ఉన్నా ఆ తర్వాత ఆగడానికి ఇంకో 170 మీటర్లు కావాలి. మొత్తం 215 మీటర్ల పైన. సంఘం డబ్బుతో కొన్న 199 బండికి 270. చీకట్లో మన బండి లైటు అంత దూరం వెలుగు ఇస్తుందా? ఇవ్వదు. అంటే వాడు చూసేటప్పటికే ఆలస్యం. రోడ్డు పక్క ఆగిన లారీ, దాటుతున్న ఆవు, పొలం నుంచి వచ్చే రైతు, ఎవరైనా సరే.

నిజమైన ట్రాక్‌లో గీత తర్వాత ఆగడానికి పెద్ద ఖాళీ దారి వదులుతారు. అదంతా పెట్టుకొని కూడా వాళ్ళు భయపడ్డారు. అమెరికాలో 2008 జూన్‌లో న్యూజెర్సీ రాష్ట్రం ఇంగ్లీష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా అనే పేరున్న పందెంగాడి బండి ఆగక, ట్రాక్ చివర దాటిపోయి ఆయన చనిపోయారు. ఆ తర్వాతి నెలలోనే అక్కడి డ్రాగ్ రేసు సంస్థ ఎన్.హెచ్.ఆర్.ఏ. తన అత్యంత వేగమైన రెండు తరగతులకు దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించేసింది. ఎక్కడ తగ్గించిందో చూడండి. మొదట్లో ఒక్క అడుగు ముట్టలేదు. చివర్లో 320 అడుగులు కోసేసింది. పందెం రుచి మొదట్లో ఉంది, ప్రాణం తీసేది చివర్లో ఉంది అని వాళ్ళకు తెలుసు. ఆటను పుట్టించినవాళ్ళే చివర కోసుకుంటే, మనం ఆ చివరకే శాలువా కప్పుతామా?

నేను ఇదంతా కాగితం చూసి రాయడం లేదు. మనవాళ్ళ పిలకాయ ఒకణ్ణి ఆసుపత్రిలో చూసి వచ్చిన రాత్రే నాకీ లెక్క వేయాలని బుద్ధి పుట్టింది. పేరు రాయను, మీకు తెలుసు. వాడు గెలిచాడా ఓడాడా అని మంచం దగ్గర ఎవరూ అడగలేదు. వాళ్ళమ్మ నన్ను అడిగింది ఒక్కటే: "మామా, వీడు మళ్ళీ నడుస్తాడా?" 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో పదింటిలో నాలుగుకు పైగా రెండు చక్రాల బండ్ల మీద పోయినవే. ఆ అంకెలో మన వీధి ఇళ్ళు కూడా ఉన్నాయి.

చట్టం సంగతి

హొసకోట నుంచి శ్రీపెరంబుదూరు దాకా వేస్తున్న ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు చక్రాల బండ్లకు అసలు అనుమతే లేదు. పందెం సంగతి దేవుడెరుగు, బండి ఎక్కడమే తప్పు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం నేరం. జైలుకూ పంపవచ్చు. 199ఎ సెక్షను తండ్రులు జాగ్రత్తగా చదవండి. మైనరు చేతికి బండి ఇచ్చి నేరం జరిగితే, బండి ఇచ్చిన పెద్దవాళ్ళకు మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. కొడుకుకు కాదు, నీకు. అలాంటి వీడియోకు సంఘం శాలువా కప్పితే, ఆ ఫోటోలో మన అధ్యక్షుడూ కార్యదర్శీ నవ్వుతూ నిలబడి ఉంటారు. అది సన్మానం ఫోటో కాదు, సాక్ష్యం.

తాళం వేయమన్న పెద్దాయనకు

అయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ తాళం వేస్తే వాడు స్నేహితుడి బండి ఎక్కుతాడు. ఈ ఊరి పిలకాయలకు ఏముంది చెప్పండి. తాత గనిలో దిగాడు, నాన్న గని మూతపడితే రైలెక్కి బెంగళూరు కూలికి పోయాడు, వాడూ రోజుకు ఐదారు గంటలు రైల్లోనే గడుపుతున్నాడు. రాత్రి దిగి వచ్చినవాడికి తన చేతిలో ఉన్న ఒక్క బలం ఆ బండి. దాన్ని పొగరు అంటే వాడు మన మాట వినడు. "నీకు కదలడమే రాదు, పట్టు నేర్చుకో" అంటే వింటాడు. నేను ఇద్దరు ముగ్గురితో ఈ కాగితం లెక్క చెప్పి చూశాను. తలకాయ గోక్కున్నారు. ఒకడు ఫోను తీసి నా లెక్క మళ్ళీ వేసి చూసుకున్నాడు. తిట్టినప్పుడు ఎప్పుడూ అంతసేపు నా దగ్గర కూర్చోలేదు.

ఈ ఆటకు మంచి దారి లేదని కాదు. ఆ ఎక్స్‌ప్రెస్‌వే రెండో కొస ఎక్కడుంది? శ్రీపెరంబుదూరులో. దాని పక్కనే ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువాళ్ళ రేసు ట్రాక్ ఉంది. జాతీయ మోటారు సైకిల్ డ్రాగ్ పోటీలు అక్కడ జరిగాయి. మన బెంగళూరు కుర్రాడు హేమంత్ ముద్దప్ప ఆ ఆటలో పలుసార్లు జాతీయ ఛాంపియన్ అయ్యాడు. పోటీ జరిగే దారి, చట్టం, అంబులెన్సు, ఆగడానికి చోటు, కాలం చెప్పే గడియారం, అన్నీ ఆ కొసలో ఉన్నాయి. మనవాళ్ళు ఈ కొసలోనే చీకట్లో చస్తున్నారు.

వచ్చే నెల మీటింగుకు నా తీర్మానాలు

ఒకటి. రోడ్డు మీద పందెం వీడియోకు సన్మానం జాబితాలో చోటు లేదు. ఇప్పుడు చేర్చిన పేరు తీసేయాలి. అబ్బాయిని అవమానించకుండా, నలుగురం ఇంటికి పోయి కారణం చెప్పి తీసేయాలి. నేనూ వస్తా.

రెండు. సహాయనిధి నుంచి బండికి అప్పు వద్దు. ఆ డబ్బులో కొంత తీసి పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు ఉన్న పిలకాయలను, ఇరుంగాట్టుకోట్టైలో పోటీ ఉన్నప్పుడు ఒక బస్సు పెట్టి చూపించి తీసుకురావాలి. చీటీలో మొదటి 60 అడుగుల అంకె ఎలా చదువుతారో వాళ్ళ కళ్ళతో చూడనివ్వండి.

మూడు. అప్పటికీ పోటీ కావాలని అడిగితే, గుర్తింపు ఉన్న క్లబ్బు వాళ్ళను పిలిచి, పోలీసు అనుమతితో, మూసిన మైదానంలో, హెల్మెట్టు జాకెట్టుతో, 60 అడుగుల పోటీ పెట్టించండి. అరవై అడుగులే. నైపుణ్యం మొత్తం అందులో ఉంది, చావు భయం అందులో చాలా తక్కువ. అందులో గెలిచినవాడికి శాలువా నేనే కొని తెస్తా, సంఘం డబ్బు వద్దు.

అంతదాకా, గ్రూపులో మీటరు వీడియో పెట్టే ప్రతివాణ్ణీ నేను ఒక్కటే అడుగుతా: "బాబూ, మొదటి అరవై అడుగులకు ఎంత పట్టింది?" జవాబు చెప్పలేనివాడు పందెం తోలలేదు. వాడు ఊరికే చావుకు దగ్గరగా పోయి వచ్చాడు.

లెక్కలో తప్పుంటే మీటింగులో అందరి ముందూ చెప్పండి. ఈసారి నేను మాట్లాడతా.